కె పోయి సి వచ్చింది: ఎర్నెస్ట్ కోల్ ఫొటోల వెనకున్న కాగితాలు

గోడకు ముఖం పెట్టి, చేతులు పైకెత్తి, ఒంటి మీద నూలుపోగు లేకుండా వరసగా నిలబడ్డ మగవాళ్లు. మనకు కనిపించేవి వాళ్ల వీపులే. జైల్లో తీసిన ఫొటో అనుకుంటాం మొదట. కాదు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో కొత్తగా పనికి చేరిన కూలీలకు వైద్య పరీక్ష జరుగుతోంది. సంతలో పశువుల్ని చూసినట్టు అందరినీ ఒకేసారి చూసి పంపేస్తున్నారు. ఒక్కరికీ పేరు లేదు, ముఖం లేదు.

ఈ ఫొటో 1960ల తొలి సగంలో తీసింది. మొదటిసారి చూసినప్పుడు అక్కడ జరుగుతున్నదాని మీదే నా కళ్లు నిలిచిపోయాయి. రెండోసారి చూసినప్పుడు ఇంకో ప్రశ్న వచ్చింది. కెమెరా పట్టుకున్న మనిషి ఆ గదిలోకి ఎలా వెళ్లాడు? గనుల లోపలికి బయటివాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. ఫొటో తీసిన ఎర్నెస్ట్ కోల్ నల్లజాతి యువకుడు, అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. కెమెరాతో పట్టుబడితే నేరుగా జైలుకే. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే అతని జీవితంతో పాటు వర్ణవివక్ష ప్రభుత్వం రోజువారీగా ఎలా నడిచేదో కూడా అర్థమవుతుంది. రెండూ కాగితాల కథలే.

అతను 1940 మార్చి 21న ప్రిటోరియా పక్కనున్న ఈర్‌స్టెరస్ట్‌లో పుట్టాడు. పూర్తి పేరు ఎర్నెస్ట్ లేవీ త్సొలోఆనె కోలె. ఇంగ్లిష్‌లో ఆ ఇంటిపేరు కె అక్షరంతో మొదలయ్యేది. అది కాస్తా సి అక్షరంతో మొదలయ్యే కోల్ ఎందుకైందో తెలియాలంటే ముందు అక్కడి చట్టాలు తెలియాలి.

1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. 1950లో జనాభా నమోదు చట్టం తెచ్చి ప్రతి మనిషినీ ఏదో ఒక జాతి గడిలో రాసేసింది. శ్వేతజాతి, నేటివ్ అంటే నల్లజాతి ఆఫ్రికన్లు, కలర్డ్ అంటే మిశ్రమ జాతివాళ్లు, ఇలా మూడు గడులు. భారతీయుల్ని మొదట కలర్డ్‌లో ఒక భాగంగా లెక్కేసి, తర్వాత వేరే గడిలోకి మార్చారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కి నాటాల్ చెరకు తోటలకు కూలీకి వెళ్లిన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు కూడా ఆ గడిలోకే వచ్చారు. అదే ఏడాది వచ్చిన గ్రూప్ ఏరియాస్ చట్టం ఏ గడివాళ్లు ఏ వీధిలో ఉండాలో తేల్చింది. డర్బన్‌లో కేటో మేనర్ నుంచి వేలాది భారతీయ కుటుంబాలను లేపి చాట్స్‌వర్త్‌కు తరలించింది ఈ చట్టమే.

నల్లజాతివాళ్లకు వీటన్నిటి మీద ఇంకోటి ఉండేది, పాస్. 1952 చట్టంతో పదహారేళ్లు నిండిన ప్రతి ఆఫ్రికన్ ఎప్పుడూ వెంట ఉంచుకోవాల్సిన చిన్న పుస్తకం అది. ముందు మగవాళ్లకు, తర్వాత ఆడవాళ్లకూ తప్పనిసరి చేశారు. ప్రభుత్వం దాన్ని రిఫరెన్స్ బుక్ అంది, జనం మాత్రం డోంపాస్ అనేవాళ్లు, తెలివిలేని పాస్ అని అర్థం. పాస్‌బుక్ అంటే మనకు భూమి మీదో డబ్బు మీదో హక్కు చూపించే కాగితం. అక్కడ పాస్ చూపించేది హక్కు ఎంతవరకో, ఎక్కడ ముగుస్తుందో. ఫొటో, పన్ను రసీదులు, పని ఇచ్చినవాడు నెలనెలా పెట్టే సంతకం, ఏ ఊళ్లో ఉండొచ్చో ముద్ర, అన్నీ అందులోనే. సరైన ముద్ర లేకుండా పట్టణంలో 72 గంటలు దాటి ఉంటే నేరం. దుకాణానికి వెళ్తూ పాస్ ఇంట్లో మర్చిపోయినా నేరమే. ఏటా లక్షల మందిని ఈ ఒక్క కారణంతో పట్టుకెళ్లేవాళ్లు. ఈ పాస్‌లకు నిరసనగా 1960 మార్చి 21న షార్ప్‌విల్ పోలీసు స్టేషన్ ముందు చేరిన జనం మీద కాల్పులు జరిపితే 69 మంది చనిపోయారు. ఎర్నెస్ట్‌కు ఆ రోజుతో ఇరవై ఏళ్లు నిండాయి.

బడి సంగతీ అంతే. 1953 బాంటూ విద్యా చట్టం (నల్లజాతి ఆఫ్రికన్లను సర్కారు బాంటూ అనేది) నల్లజాతి పిల్లల చదువును శ్వేతజాతివాళ్ల దగ్గర పని చేయడానికి ఎంత కావాలో అంతకు కుదించింది. దాన్ని తెచ్చిన మంత్రి వెర్‌వూర్డ్, వాటిని వాడుకునే వీలే లేని పిల్లవాడికి లెక్కలు నేర్పి ఏం లాభమని బాహాటంగానే అడిగాడు. ఎర్నెస్ట్ ఆ బడి వదిలేసి, ఇంగ్లండ్‌లోని ఒక సంస్థ ద్వారా పోస్టులో పాఠాలు తెప్పించుకుని చదువు పూర్తిచేశాడు. ఫొటోగ్రఫీ కూడా అలాగే, న్యూయార్క్ సంస్థ కరస్పాండెన్స్ కోర్సుతో నేర్చుకున్నాడు. ఈలోగా వాళ్లుండే చోటు నుంచి నల్లజాతివాళ్లను ఖాళీ చేయించడంతో కుటుంబం మామెలోడి టౌన్‌షిప్‌కు, అంటే నల్లజాతివాళ్లకు విడిగా కేటాయించిన బస్తీకి మారాల్సి వచ్చింది.

1958లో అతను జొహానెస్‌బర్గ్‌లోని డ్రమ్ పత్రికలో సహాయకుడిగా చేరాడు. అక్కడ ఫొటో విభాగం చూసేది జర్మనీ నుంచి వచ్చిన యుర్గెన్ షాడెబర్గ్. 1950ల్లో నల్లజాతి రచయితలు, ఫొటోగ్రాఫర్లు తలెత్తుకుని పనిచేసిన చోటు డ్రమ్. పీటర్ మగుబానె, ఆల్ఫ్ కుమాలో, బాబ్ గోసాని లాంటివాళ్లు చేయి తిరిగింది అక్కడే. ఈ పత్రిక చేసిన ఒక సాహసం గురించి చెప్పాలి, ఎందుకంటే దాని ఫలితాన్ని కోల్ తర్వాత అనుభవించాడు. 1954లో విలేఖరి హెన్రీ న్‌షుమాలో కావాలనే పాస్ లేకుండా పట్టుబడి జైలుకెళ్లాడు. లోపల ఏం జరుగుతుందో కళ్లారా చూసి బయటికొచ్చి రాశాడు. జైలుకు ఎదురుగా ఉన్న భవనం పైనుంచి గోసాని ఫొటో తీశాడు. ఖైదీలు బట్టల్లేకుండా ఎగిరి, తిరిగి, ఏమీ దాచుకోలేదని చూపించాల్సిన సోదా అందులో కనిపించింది. సర్కారుకు అది మింగుడుపడలేదు. 1959లో వచ్చిన జైళ్ల చట్టంతో జైళ్లను, ఖైదీలను ఫొటో తీయడమే నేరమైంది. కోల్ తర్వాత తీసిన ఫొటోల్లో, పాస్ లేదని పట్టుకుని ఒకరికొకరిని బేడీలతో కట్టేసిన మగవాళ్ల వరస ఒకటుంది. ఆ ఫొటో తీసేనాటికి అలాంటి చట్టం అతని నెత్తిన ఉంది.

డ్రమ్ వదిలాక కోల్ ఏ పత్రికకూ కట్టుబడకుండా స్వతంత్రంగా పని మొదలుపెట్టాడు. అప్పటికే ఫ్రెంచ్ ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే-బ్రెసాన్ మాస్కో జనం మీద చేసిన ఫొటోల పుస్తకం చూశాడు. ఒక దేశం మొత్తాన్ని ఒక పుస్తకంలో పెట్టొచ్చన్న ఆలోచన అతనికి అక్కడే తట్టింది. కానీ అంత పని చేయాలంటే దేశమంతా తిరగాలి, పాస్ ఉన్నవాడికి అది కుదరదు. ప్రతి ఊళ్లోనూ 72 గంటల లెక్క వెంటాడుతుంది.

అప్పుడతను ఆ గడుల చట్టంలో ఉన్న సందును వాడుకున్నాడు. ఆ చట్టం రాసినవాళ్లు జాతిని నిర్వచించిన తీరు చూస్తే ఆశ్చర్యమేస్తుంది. చూడగానే శ్వేతజాతీయుడిలా కనిపించేవాడు, లేదా నలుగురూ అలా ఒప్పుకునేవాడు శ్వేతజాతీయుడు. అటు శ్వేతజాతీయుడూ కాక, ఇటు నేటివూ కాక మిగిలినవాడు కలర్డ్. అంటే కొలవడానికి ఏమీ లేదు. అందుకే అధికారులు జుట్టు చూసేవాళ్లు, యాస వినేవాళ్లు, ఇంటిపేరు అడిగేవాళ్లు. జుట్టులో పెన్సిల్ దోపి, అది జారి పడుతుందా నిలుస్తుందా అని చూసిన రోజులవి. ఆ పెన్సిల్ పరీక్షతో ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లు వేర్వేరు గడుల్లో పడ్డారు.

కోలె తన ఇంటిపేరును కోల్ చేసుకున్నాడు. బాంటూ పేరు ఇంగ్లిష్ పేరైంది. కలర్డ్‌వాళ్లు ఎక్కువగా మాట్లాడే ఆఫ్రికాన్స్ భాష వచ్చు. జాతి నిర్ణయించే బోర్డు ముందుకెళ్లి, తాను కలర్డ్ అని ఒప్పించుకున్నాడు. పాస్ పీడ వదిలింది. దేశంలో తిరగొచ్చు, పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసుకోవచ్చు. కెమెరా ఎంత మంచిదైనా ఆ కలర్డ్ కార్డు లేకపోతే అతని పుస్తకమే లేదు.

దానికతను చెల్లించిన మూల్యం కూడా చూడాలి. కలర్డ్ అయ్యాక, చట్టం ప్రకారం మామెలోడిలో అమ్మానాన్నలతో ఒకే ఇంట్లో ఉండే హక్కు లేదు. ఎవరి బతుకును లోకానికి చూపించాలనుకున్నాడో, వాళ్లలో ఒకడిని కానని సంతకం పెట్టి మరీ వాళ్ల దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. అతని గురించి రాసేవాళ్లు చాలామంది దీన్ని గడుసైన ఎత్తుగా ఒక్క వాక్యంలో చెప్పి ముందుకెళ్తారు. నాకది మనసొప్పదు. పాతికేళ్ల లోపు మనిషి, ఇంటిపేరు వదులుకుని చేసిన పని అది.

ఇక కెమెరా సంగతి. గనిలోకి వెళ్లినప్పుడు కాగితం సంచిలో అడుగున కెమెరా పెట్టి, పైన మధ్యాహ్నం తినడానికి తెచ్చుకున్నట్టు శాండ్‌విచ్, యాపిల్ ఉంచేవాడు. కూలీ చేతిలో తిండి సంచిని ఎవరూ పట్టించుకోరు. వీధుల్లో కూడా కెమెరా కంటికి ఆనించి గురి చూసి తీసే వీలు చాలాసార్లు ఉండేది కాదు. ఆ ఫొటోలు జాగ్రత్తగా చూస్తే కొన్నిటిలో కెమెరా నడుము ఎత్తునో ఛాతీ ఎత్తునో ఉందని తెలిసిపోతుంది.

అలా అయిదారేళ్లు తీసిన పనిలో ఒక ఫొటో గురించి వివరంగా చెప్తాను. కిక్కిరిసిన తరగతి గది, బెంచీలు లేవు. ఒక పిల్లవాడు గొంతుక్కూర్చుని, ఒళ్లో పలక పెట్టుకుని పైకి చూస్తున్నాడు. మనకు కనిపించని టీచర్ చెప్పే పాఠాన్ని ఒక్క ముక్క జారిపోకుండా పట్టుకోవాలన్న ఆరాటం ఆ కళ్లలో ఉంది. ముఖమంతా చెమట, ధారగా కారుతోంది. బాంటూ విద్య మీద ఎన్ని పేజీలు చదివినా, ఆ చెమట చూశాక కలిగిన కోపం నాకు కలగలేదు. లెక్కలెందుకని మంత్రి అడిగింది ఇలాంటి పిల్లవాడి గురించే.

ఇంకో ఫొటోలో నల్లజాతి ఆయా శ్వేతజాతి పాపను ఎత్తుకుని ఉంటుంది. దాని కింద కోల్ ఆమె మాటలు రాశాడు. ఈ పాపంటే నాకు ప్రాణం, పెద్దయ్యాక వాళ్లమ్మ లాగే నన్ను చూస్తుందని తెలుసు, ఇప్పుడు మాత్రం దానికేం తెలియదు అన్నది దాని సారాంశం. కింద ఆ మాటలు లేకపోతే అది అందమైన ఫొటో, అంతే. అందుకే అతను ప్రతి బొమ్మ కిందా ఏం జరుగుతోందో, ఏ నియమం కింద జరుగుతోందో రాసుకున్నాడు.

అతని పనిలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది వేరే ఉంది. వర్ణవివక్ష ఫొటోలంటే లోకానికి గుర్తొచ్చేది 1976 జూన్ 16న జొహానెస్‌బర్గ్ పక్కనున్న సోవెటోలో సామ్ న్‌జీమా తీసిన ఫొటో. పోలీసు కాల్పుల్లో నేలకొరిగిన పిల్లవాడు హెక్టర్ పీటర్సన్‌ను చేతుల మీద మోసుకుంటూ ఏడుస్తూ పరిగెత్తే కుర్రాడు, పక్కనే అక్క. ఆ క్షణంలో అక్కడ ఉన్నందుకు దొరికిన ఫొటో అది. కోల్ పుస్తకంలో అలాంటి క్షణం లేదు. తన పుట్టినరోజునే జరిగిన షార్ప్‌విల్ కాల్పులూ అందులో లేవు. ఉన్నది మామూలు రోజు. పొద్దున్నే తలుపులకు వేలాడుతూ కిక్కిరిసి వెళ్లే రైళ్లు, శ్వేతజాతీయులకు మాత్రమే అని రాసున్న బెంచీ, ఆసుపత్రిలో నేల మీద పడుకున్న రోగులు, పాస్ చూపించమని ఆపిన పోలీసు, బుల్డోజర్ కూల్చిన ఇళ్లు. అతను అధ్యాయాలను కూడా అలాగే విడదీశాడు: గనులు, పోలీసులు-పాస్‌లు, చవక పనిమనుషులు, బడి, ఆసుపత్రి, చర్చి, కల్లు దుకాణం లాంటి షెబీన్లు. ప్రభుత్వం నల్లజాతివాళ్ల సొంత భూములను బ్లాక్ స్పాట్స్, నల్ల మచ్చలు అనేది. వాటికొక అధ్యాయం. విచారణ లేకుండా మనుషుల్ని తీసుకెళ్లి వదిలేసిన ఫ్రెంచ్‌డేల్ అనే ఎడారి లాంటి చోటికి కూడా వెళ్లి తీశాడు. ఒక కాగితం మనిషి జీతంలోకి, రైలులోకి, ఆసుపత్రి మంచంలోకి ఎలా చొరబడుతుందో వరసగా చూపించాడు. కాల్పులు జరిగిన రోజున లోకం ఉలిక్కిపడుతుంది. మిగతా రోజుల్లో ఏం జరుగుతుందో చెప్పేవాళ్లు తక్కువ. అతను పట్టుకున్నది ఆ మిగతా రోజుల్ని.

1966లో పరిస్థితి ముదిరింది. జొహానెస్‌బర్గ్ వీధుల్లో జేబులు కొట్టే కుర్రాళ్లను ఫొటోలు తీస్తూ వాళ్లతో పాటు పోలీసులకు దొరికాడు. మాకు సమాచారం చేరవేసే మనిషిగా మారతావా, జైలుకెళ్తావా అన్నారు. అతను రెండూ కాక మూడో దారి పట్టాడు. ఫ్రాన్స్‌లోని లూర్ద్ పుణ్యక్షేత్రానికి యాత్రకు వెళ్తున్నానని చెప్పి ఆ ఏడాది మే నెలలో దేశం దాటాడు. చేతిలో పుస్తకం లేఔట్లు తప్ప పెద్దగా ఏమీ లేవు. ఫొటోలు వేరేవాళ్ల చేతుల మీదుగా రహస్యంగా దేశం దాటాయి. కలర్డ్ కార్డు లేకపోతే ఆ పాస్‌పోర్టు వచ్చేదే కాదు.

1967లో న్యూయార్క్‌లో రాండమ్ హౌస్ ఆ పుస్తకం అచ్చేసింది. పేరు హౌస్ ఆఫ్ బాండేజ్. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు ఆ మాట బాగా తెలుసు, నిర్గమకాండంలో ‘దాసుల గృహము’. దేవుడు తన జనాన్ని ఎక్కడినుంచి బయటికి తెచ్చాడో ఆ చోటు. దక్షిణాఫ్రికా వార్తలు రాసినందుకు అక్కడి నుంచి వెళ్లగొట్టబడిన న్యూయార్క్ టైమ్స్ విలేఖరి జోసెఫ్ లెలీవెల్డ్ ముందుమాట రాశాడు. కోల్‌కు అప్పటికి 27 ఏళ్లు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ఎవరి గురించి తీశాడో వాళ్లు దాన్ని చూసే వీలు లేకుండా పోయింది. కోల్ పాస్‌పోర్టును కూడా పొడిగించలేదు. పాస్ నుంచి తప్పించుకున్న మనిషి ఏ దేశపు కాగితమూ లేనివాడయ్యాడు.

దేశంలో ఉండిపోయినవాళ్లకు ఏమైందో కూడా చూడాలి, అతను ఎందుకు వెళ్లిపోయాడని అడిగేవాళ్ల కోసం. మగుబానెను 1969లో పట్టుకెళ్లి 586 రోజులు ఒంటరి గదిలో బంధించారు. బయటికొచ్చాక అయిదేళ్లు కెమెరా ముట్టుకోకూడదని నిషేధం పెట్టారు.

అమెరికాలో కోల్‌కు ఫోర్డ్ ఫౌండేషన్ గ్రాంటు ఇచ్చింది, అక్కడి నగరాల్లో, దక్షిణాది పల్లెల్లో నల్లజాతివాళ్ల జీవితం తీయమని. వేలకొద్దీ ఫొటోలు తీశాడు. పుస్తకం మాత్రం రాలేదు. సొంత దేశంలో అరెస్టు చేస్తారని భయపడేవాణ్ని, అమెరికా దక్షిణాదిలో ఏకంగా ప్రాణానికే భయపడ్డానని అన్నాడు. ఇంకో బాధ కూడా అతన్ని తొలిచింది. ఎంత ఖరీదు కట్టయినా నిజాన్ని బయటపెట్టడం ఒక ఎత్తు, జీవితమంతా దైన్యాన్నీ అన్యాయాన్నీ రాసిపెట్టేవాడిగానే బతకడం ఇంకో ఎత్తు అన్న అర్థం వచ్చేలా ఒక ఉత్తరంలో రాశాడు. ఇక్కడ కూడా అతన్నొక గడిలో కూర్చోబెట్టారు. దక్షిణాఫ్రికా అతన్ని జాతి పేరుతో గడిలో పెడితే, న్యూయార్క్ ఎడిటర్లు నల్లవాళ్ల కష్టాలు తీసే ఫొటోగ్రాఫర్ అన్న గడిలో పెట్టారు.

కొంతకాలం స్వీడన్‌లో ఉండి అక్కడి ఫొటోగ్రాఫర్లతో కలిసి పనిచేశాడు. 1970ల మధ్యకొచ్చేసరికి కెమెరా వదిలేశాడు. న్యూయార్క్‌లో ఇల్లు లేని మనిషయ్యాడు, సామానూ కెమెరాలూ పోయాయి, నెగెటివ్‌లు ఎక్కడున్నాయో ఎవరికీ తెలియకుండా పోయింది. 1990 ఫిబ్రవరి 11న నెల్సన్ మండేలా జైలు నుంచి విడుదలయ్యాడు. సరిగ్గా ఆ తర్వాతి వారమే క్లోమ గ్రంథి క్యాన్సర్‌తో కోల్ కన్నుమూశాడు. యాభై ఏళ్లు నిండడానికి నెల రోజుల దూరంలో ఉన్నాడు. సోదరి అతని అస్థికలను ఒళ్లో పెట్టుకుని విమానంలో ఇంటికి తీసుకొచ్చింది.

27 ఏళ్ల తర్వాత, 2017లో, స్టాక్‌హోమ్‌లోని ఒక బ్యాంకు నుంచి కోల్ కుటుంబానికి కబురొచ్చింది. వెళ్లి చూస్తే మూడు లాకర్లు. వాటిలో దాదాపు 60,000 నెగెటివ్‌లు, అతని రాతలు. పోయాయనుకున్న అమెరికా ఫొటోలు కూడా అందులో ఉన్నాయి. వాటిని ఎవరు దాచారో, ఇన్నేళ్లూ అద్దె ఎవరు కట్టారో బ్యాంకు చెప్పలేదు. తన పని మీద తనకు లేకుండా పోయిన హక్కు, అతను పోయాక వారసులకు దక్కింది.

ఆ పెట్టెల పుణ్యమా అని 2022లో హౌస్ ఆఫ్ బాండేజ్ మళ్లీ అచ్చయింది, ఈసారి ఒక అధ్యాయం ఎక్కువతో. 1967లో పుస్తకంలోకి రాకుండా మిగిలిపోయిన అధ్యాయం అది. దానికి అతను పెట్టుకున్న పేరుకు నల్లవాళ్ల ప్రతిభ అని అర్థం. కష్టాలు తీసే ఫొటోగ్రాఫర్ అని లోకం ముద్ర వేయకముందే, అదే సంవత్సరాల్లో, అదే పోలీసుల మధ్య తిరుగుతూ తీసిన ఫొటోలు. అందులో సంగీతం వాయిస్తున్నవాళ్లు, బొమ్మలు గీస్తున్నవాళ్లు, నాట్యం చేస్తున్నవాళ్లు ఉన్నారు.